అరవై నాలుగో పేజీ తర్వాత

రాయగడ పాసింజరు గొట్లాం దాటి రెండు కిలోమీటర్లయినా పోకముందే నిలబడిపోయింది. ఎందుకు నిలబడిందని పెట్టెలో ఎవరూ అడగలేదు. ఈ లైనులో మనుషుల కంటే బొగ్గుకే తొందరెక్కువ, గూడ్సు పోయేదాకా మనకు మోక్షం లేదు అని అందరికీ తెలుసు, అందుకని వేరుశనక్కాయలు ఒలిచేవాళ్ళు ఒలుస్తున్నారు, కునికేవాళ్ళు కునుకుతున్నారు. హేమ ఒక్కతే కిటికీ ఊచ పట్టుకుని లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చింది. గంటలో గజపతినగరం స్టేషనులో దిగాలి. అక్కడ గణపతిరావు గారనే పెద్దాయన ఒక పుస్తకం పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంటారు. ఆయనకు ఒక మాట చెప్పాలి. లేదంటే చెప్పకుండా పుస్తకం అందుకుని, దణ్ణం పెట్టి, తిరుగు బండి ఎక్కేయాలి. ఈ రెండింట్లో ఏది చేస్తుందో ఆమెకే తెలియదు, తెల్లవారుజామున నౌపడలో బండి ఎక్కినప్పటి నుంచీ అదే గోల.

ఫోను తీసింది. డిసెంబరు ముప్ఫై ఒకటి, రెండు వేల పద్నాలుగు, పొద్దున్న తొమ్మిదీ ఇరవై. మొన్న రాసి పెట్టుకున్న శీర్షిక అలాగే ఉంది: 'ఈ ఏడాది నేను చదివిన యాభై ఒక్క పుస్తకాలు'. నిజానికి యాభై రెండు కావాలి. వారానికొకటి చొప్పున యాభై రెండు చదువుతానని జనవరి ఒకటిన 'ఉప్పుగాలి'లో అందరి ఎదుటా ఒట్టు పెట్టుకుంది. ఉప్పుగాలి ఆమె బ్లాగు పేరు, అక్కడ ఆమె పేరు కూడా అదే. అక్కడ ఆమె హేమ కాదు, ఉప్పుమళ్ళ పక్క పల్లెలో టపా సంచి విప్పి ముద్రలు కొట్టే బ్రాంచి పోస్టుమాస్టరు కాదు, ఎండుచేపల గున్నమ్మ కూతురు అంతకంటే కాదు. అక్కడ ఆమె చదివిన మనిషి. ఎంత చదివిన మనిషంటే, హైదరాబాదు నుంచి కూడా అడుగుతారు, ఫలానా పుస్తకం కొనమంటారా అని. ఆమె కొనమంటే కొంటారు, వద్దంటే మానేస్తారు. శివాజీ అనే ఒకాయన ఏం రాసినా అయిదు నిమిషాల్లో 'అద్భుతం' అని పెట్టేస్తాడు, అయిదు నిమిషాల్లో ఎలా చదివాడ్రా బాబూ అని ఆమె నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఫోను మూసి సంచిలో పడేసింది, మళ్ళీ తీసింది.

యాభై ఒకటి. జనవరిలో ఆరు, అదంతా ఉత్సాహం, టపా సంచి వచ్చేలోపు ఒక అధ్యాయం, ఊళ్ళో పంచే గంగులు ఉత్తరాలు పట్టుకుని పోయాక ఇంకో అధ్యాయం. ఫిబ్రవరిలో అయిదు. మార్చిలో జ్వరం వచ్చి రెండే, అప్పుడు మొదలైంది కంగారు, లెక్క వెనకబడిందని ఏప్రిల్లో ఎనిమిది. నెలలో ఎనిమిది పుస్తకాలు మింగిన మనిషి ఏం చదివి ఉంటుంది? గబగబా తింటే అన్నమైనా గొంతుకు అడ్డం పడుతుంది, పుస్తకం పాపం అదీ చెయ్యదు, తిప్పినంత సేపూ నోరు మూసుకుని తిప్పించుకుంటుంది. అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నాడు కరెంటు లేక కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని కూర్చుంటే అమ్మ చాప మీద పడుకుని చూసి చూసి అంది, "ఒసే గుంటా, ఆ కాయితాలు అంత బేగి తిప్పీస్తన్నావు, ఏటైనా ఇంకుతాదా?" ఇంకుతుందిలే అమ్మా, నీకు తెలీదు అంది హేమ. అమ్మకు చదువు రాదు. అమ్మకు వచ్చింది వేరే. గంప ముందు కూర్చున్నాక ఎంత పెద్ద మారుబేరగాడు వచ్చి ఈ చేప పాడైందన్నా ఒప్పుకునేది కాదు, "మొప్ప ఎత్తినావా? ఎత్తి సూసి అప్పుడు మాటాడు" అనేది. తాను కూడా పక్కవాళ్ళ గంపలోని చేపను మొప్ప ఎత్తి ఎరుపు చూడకుండా బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. చేపలమ్మేవాళ్ళలో అది కట్టుబాటు. ఒకరి సరుకును చూడకుండా తీసిపారేస్తే రేవులో ఆ మనిషితో మాట్లాడరు. ఆ కట్టుబాటున్న ఇంట్లోనే హేమ పెరిగింది, ఆ గంప పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దింది, అయినా.

అయినా ఏప్రిల్లో గణపతిరావు గారి పుస్తకం వచ్చింది. సమీక్షకు పుస్తకాలు పంపే చిరునామా అని బ్లాగులో తన పోస్టాఫీసు చిరునామానే ఇచ్చింది కదా, తనకు వచ్చిన పార్సిలు మీద తనే ముద్ర కొట్టుకునేది, అదొక సరదా. 'గట్టు మీద నలభై ఏళ్ళు' అని పేరు. అట్ట మీద ఎండిన గోగు చేను ఫోటో, మసకగా. లోపల గుండ్రటి అక్షరాలతో ఒక ఉత్తరం: నేను రైతును, ఎనిమిదో తరగతి దాకా చదివాను, తప్పులుంటే మన్నించండి, మీకు వీలైతే చదివి ఒక మాట చెప్పండి. విజయనగరంలో ఏదో చిన్న ప్రెస్సులో సొంతంగా వేయించుకున్న మూడు వందల కాపీల పుస్తకం. అలాంటివి నెలకు నాలుగు వస్తాయి. సగం చదివేసరికి నౌపడ స్టేషను నుంచి టపా సంచి వచ్చింది, రెండు రోజులు పక్కన పడేసింది, మళ్ళీ తీసింది, ఇదంతా ఇంతకు ముందే చెప్పాడు కదా ఈయన, మళ్ళీ అదే బావి, అదే అన్నదమ్ముల తగాదా అనుకుంది, విసుక్కుని నాలుగు పేజీలకొకటి చొప్పున తిప్పుకుంటూ పోయింది. ఆ సాయంత్రమే సమీక్ష రాసేసింది. ఏప్రిల్ నెల ఎనిమిదిలో అది ఏడోది.

ఆ సమీక్షలో ఒక పేరా ఆమెకు నోటికి వచ్చు. రాసిన రోజు పదిసార్లు చదువుకుంది మరి. 'ఈ పుస్తకంలో ఎద్దులకు పేర్లున్నాయి, మడులకు పేర్లున్నాయి, చివరికి గట్టు మీది తాటిచెట్టుకూ పేరుంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్యకు మాత్రం పేరు లేదు. గంజి చెంబుతో గుమ్మం దగ్గర ఒక్కసారి కనిపించి మాయమవుతుంది. పుస్తకమంతా వెతికినా ఆమె దొరకదు. చెప్పిన సంగతే రెండుసార్లు చెప్పడానికి చోటున్న రచయితకు ఆమెకివ్వడానికి ఒక్క పేజీ లేకపోయింది.' ఆ దెబ్బ గట్టిగా తగిలిందా, తగిలింది. నూట పన్నెండు మంది పంచుకున్నారు. ఏడాది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ మంది చదివింది అదే. మగవాళ్ళ ఆత్మకథల్లో ఆడవాళ్ళు ఎక్కడ అని ఎవరెవరో చర్చలు పెట్టుకున్నారు, ఆమె మాటలు ఎత్తి రాసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత కింద ఒక వ్యాఖ్య వచ్చింది, గణపతిరావు పేరుతో. 'చదివినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పింది నిజమే. మా ఆవిడ గురించి రాయడం నాకు చేతకాలేదు.' ఎంత సంస్కారం, తప్పు ఒప్పుకున్నాడు అని పొంగిపోయింది హేమ. మీ సహృదయతకు ధన్యవాదాలండీ అని జవాబు కూడా ఇచ్చింది. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పుడు ఈ కదలని బండిలోంచి దూకి పొలాలకు అడ్డంపడి పారిపోవాలని ఉంది.

కిటికీ అవతల కోత అయిన మడుల్లో మినుము మొలిచింది. ఇద్దరు ఆడవాళ్ళు కుప్ప నీడలో కూర్చుని ఏదో తింటున్నారు. వాళ్ళకు పేర్లుంటాయి. గూడ్సు ఇంకా రాలేదు.

మొన్న మధ్యాహ్నం, పోస్టాఫీసు ఖాళీగా ఉన్నప్పుడు, జాబితాలో 'ఈ ఏడాది నిరాశపరిచిన పుస్తకం' దగ్గరికి వచ్చింది. చెప్పిందే చెప్పాడనడానికి ఉదాహరణగా ఒక వాక్యం ఎత్తి రాద్దామని గణపతిరావు గారి పుస్తకం తీసింది. బావి తవ్వకం దొరికింది. రెండోసారి బావి తవ్వకం కూడా దొరికింది. వాక్యం అదే. పక్క వాక్యమూ అదే. కామా దగ్గర కామా, అచ్చుతప్పు దగ్గర అచ్చుతప్పు. అప్పుడు చూసింది పేజీ అంకెలు. అరవై నాలుగు తర్వాత నలభై తొమ్మిది. మళ్ళీ అరవై నాలుగు దాకా వచ్చి, ఆ తర్వాత ఎనభై ఒకటి. ప్రెస్సువాడు ఒక ఫారం, అంటే పదహారు పేజీల మడత, రెండుసార్లు కుట్టి, దాని తర్వాతి ఫారం వదిలేశాడు. అరవై అయిదు నుంచి ఎనభై దాకా పదహారు పేజీలు ఆమె పుస్తకంలో లేవు. విషయసూచిక తీసింది. దాన్ని ఎప్పుడూ చూడనే లేదు. అయిదో అధ్యాయం, పేజీ అరవై అయిదు: తాయారు.

ఆ వ్యాఖ్యను మళ్ళీ చదివింది అప్పుడు. మా ఆవిడ గురించి రాయడం నాకు చేతకాలేదు. అంటే ఆయన ఆ పదహారు పేజీలు ఆమె చదివిందనే అనుకున్నారు. చదివి, ఇందులో మనిషి లేదని తీర్పు చెప్పిందనుకున్నారు. చదివిన మనిషి కదా, అబద్ధం ఎందుకు చెబుతుంది అనుకున్నారు. హేమకు చెవులు వేడెక్కాయి. పోస్టాఫీసు తలుపు వేసుకుని బల్ల మీద తల పెట్టుకుంది. సిగ్గు అంటే అదివరకు తెలుసనుకుంది కానీ తెలియదు.

సమీక్ష తీసేద్దామా అనుకుంది ముందు, ఒక్క మీట నొక్కితే పోతుంది. పోతే నూట పన్నెండు మంది దగ్గర ఉన్నది పోతుందా? కింద చిన్న అక్షరాలతో సవరణ పెడదామా? బైండింగు లోపం వల్ల అని మొదలుపెట్టింది. చక్కగా ఉంది, తప్పంతా ప్రెస్సువాడిది, వాడు వచ్చి సమాధానం చెప్పడు కూడా. కానీ ఫారం రెండుసార్లు కుట్టింది వాడైతే, ఆ ఫారాన్ని రెండుసార్లు చదివి ఒకటేనని గుర్తుపట్టనిది ఎవరు? చివరికి పుస్తకం వెనక ఉన్న నంబరుకు ఫోను చేసింది. ఆయనే ఎత్తారు. మీ పుస్తకం ఒక కాపీ కావాలండీ అంది. "నా పుస్తకమా? ఎవులు సెప్పినారమ్మా?" అన్నారు, అంతకు ముందు ఎవరూ అడగలేదని ఆ గొంతులోనే తెలిసిపోయింది. ఎవరో చెప్పారండీ అంది. ఏ ఊరు తల్లీ అంటే, నౌపడ అంటే ఎక్కడ గుర్తుపడతారోనని పలాస అంది. అదీ అబద్ధమే. "మా ఊరు దాకా నీకెందుకు, ఆటోలు దొరకవు, టేసను కాడికి నానే తెచ్చిస్తాను" అన్నారు. నిన్నంతా పని మీద మనసు లేదు, ఇవాళ గంగులును కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేసింది. గున్నమ్మ ఎక్కడికని అడిగితే పుస్తకం కోసమంది. "సేప సెడితే ముక్కుకు తెలుస్తాది, పుస్తకం సెడితే ఎలా తెలుస్తాదే?" అని అడిగింది అమ్మ, ఊరికే, మాట వరసకు. హేమ చెప్పులేసుకుని వచ్చేసింది.

బొగ్గు గూడ్సు వచ్చింది, పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర మానేసింది, ఈ లెక్కల జబ్బు వదలదా అని తనని తనే తిట్టుకుంది. బండి కదిలింది. గరుడబిల్లిలో ఒక నిమిషం ఆగి మళ్ళీ కదిలింది. ఇంక ఎంతో సేపు లేదు. చెప్పకపోతే ఏమవుతుంది? కొత్త కాపీ తీసుకుంటుంది, ఆ పదహారు పేజీలు నిజంగా చదువుతుంది, ఇంటికెళ్ళి గొప్పగా ఇంకో సమీక్ష రాస్తుంది, మరోసారి చదివితే ఈ పుస్తకం వేరుగా కనిపించిందని. పెద్దమనసు అని అందరూ మెచ్చుకుంటారు. పెద్దాయన సంతోషిస్తారు. ఎవరికీ నష్టం లేదు, అదే నయం, అలాగే చేద్దాం అనుకుంది, అనుకోగానే ఫోను తీసి జాబితా పైనుంచి కిందికి చూసింది. యాభై ఒకటిలో ఇంకెన్ని ఇలాంటివి? మే నెలలో ఆ లావుపాటి నవల, చివరి వంద పేజీలు చదివిందా, చూసిందా? కూర్మమ్మ అనే టీచరు గారి కథలకు ముందుమాట చదివే కదా నాలుగు మాటలు రాసింది. ఎద్దులకు పేర్లున్నాయి, భార్యకు పేరు లేదు, ఎంత బాగా రాశావే హేమా. అయిదేళ్ళ బ్లాగులో గున్నమ్మ పేరు ఎక్కడైనా ఉందా? మా అమ్మ చేపలమ్ముతుంది అని ఒక్క వాక్యం? నువ్వు దాచుకున్నావు కాబట్టి ఆయన కూడా దాచుకున్నాడనుకున్నావు. బండి వేగం తగ్గింది. చెప్పాలి. చెప్పేదేదో దిగగానే చెప్పేయాలి, నమస్కారమండీ, నా పేరు హేమ, ఒక పొరపాటు జరిగింది అని. పొరపాటు అనకూడదు. తప్పు అనాలి.

గజపతినగరం ప్లాట్‌ఫారం మీద మనుషులు పలచగా ఉన్నారు. ఆయన్ని వెతకనక్కరలేకపోయింది. బెంచీ మీద తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, ఒళ్ళో పాత పేపరులో చుట్టి గోగునారతో కట్టిన పొట్లం, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. దిగినవాళ్ళందరినీ చూసి ఆమె దగ్గర ఆగారు.

"పలాస నుండి వొచ్చినమ్మవి నువ్వేనా? బండి లేటైపోనాది. కూకో తల్లీ, కూకో. దీని కోసరం అంత దూరం వొచ్చినావంటే..." మిగతాది చెప్పలేక నవ్వేశారు.

హేమ కూర్చుంది. నమస్కారమండీ అంది. ఆ తర్వాత చెప్పాల్సింది నోట్లోంచి రాలేదు, చేతులు మాత్రం నార ముడి విప్పేశాయి. నేరుగా అరవై నాలుగు దగ్గరికి వెళ్ళింది. అరవై నాలుగు ఉంది. దాని ఎదుట ఎనభై ఒకటి ఉంది. మధ్యలో కుట్టు దగ్గర ఎనిమిది సన్నటి అంచులు, కోసిన మడిలో వరి కొయ్యకాళ్ళలా, నిలబడి ఉన్నాయి. ఎవరో బ్లేడుతో జాగ్రత్తగా కోసేశారు.

"ఇక్కడ కాయితాలు లేవండీ."

"ఔనమ్మా. ఏటీ అనుకోకు. నానే కోసీసినాను." ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "మా ఇంటిదాని గురించి రాసినాను అక్కడ. తాయారు దాని పేరు. అది పోయి మూడేళ్ళయినాది. నిజం సెప్పాలంటే ముందు రాసింది అదే, మిగతాదంతా దానికి ముందూ ఎనకా అతికినాను. ఎవులో బాగా సదువుకున్నావిడ సదివి, పుస్తకమంతా ఎతికినా బార్య దొరకనేదని కంప్యూటర్లో రాసినాది. మా గుంట సైలజ ఫోనులో సదివి వినిపించినాది. పదారు పేజీలు రాసినా మనిసి అవుపించనేదంటే ఇంక అది రాతేనా సెప్పు? దాన్ని నలుగురిలో నవ్వులపాలు సేసినట్టే కదా. బ్లేడు అట్టుకుని కూకున్నాను. పంచగా మిగిలినవి రెండొందల అరవై. నాలుగు దినాలు పట్టినాది."

"కోసిన కాయితాలు ఏం చేశారండీ?"

"పొయ్యిలో ఎట్టడానికి సెయ్యి రానేదు. గోనెసంచిలో కట్టి అటకెక్కించినాను."

బండి కూత వేసి రాయగడ వైపు వెళ్ళిపోయింది. ఆ చప్పుడు ఆగేదాకా హేమ ఆగింది. దారిపొడుగునా కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ లేదు. నోరు తెరిస్తే పల్లె మాట వచ్చింది, అమ్మతో మాట్లాడే మాట.

"ఆవిడ నానేనండీ. నాది పలాస కాదు, నౌపడ. నాకొచ్చిన పుస్తకంలో ఆ కాయితాలు నేవు. ముందటివే రెండుసార్లు కుట్టీసినారు. నాను సూసుకోనేదు. తాయారమ్మ గారి గురించి నాను ఒక్క అచ్చరం సదవనేదు. సదవకుండానే రాసీసినాను."

సంచిలోంచి తన కాపీ తీసి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పారు, అరవై రెండు, అరవై మూడు, అరవై నాలుగు, నలభై తొమ్మిది. అక్కడ ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ అంకెలు చూసుకున్నారు. ఒక్కో పేజీ చూసుకుంటూ చివరిదాకా వచ్చారు. పరవాలేదమ్మా అంటారేమోనని ఆమె ఎదురుచూసింది. అనలేదు.

"అయితే బాగునేదని కాదు."

"కాదండీ."

"అది అందులో నేదని కాదు."

"నాకు అందనే నేదండీ."

ఆయన పుస్తకం మూశారు. "ఎనిమిది నెలలమ్మా," అన్నారు, ఆమె వైపు చూడకుండా. "ఎనిమిది నెలలై దాని పోటో ఎదర కూకోడానికి నాకు మొహం సెల్లనేదు. మంచం గోడేపు తిప్పీసుకుని తొంగుంటన్నాను."

క్షమించండి అనే మాట ఎంత చిన్నదో హేమకు అప్పుడు తెలిసింది. ఏడుపు వచ్చింది కానీ ఈయన ఎదుట ఏడ్చే హక్కు తనకెక్కడిదని ఆపుకుంది. ఆయన లేచి నిలబడ్డారు, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు, రెండు పుస్తకాలూ ఆమె చేతిలో పెట్టారు.

"లే. ఇంటికి రా," అన్నారు. "ఈ మాట సెప్పాల్సింది నాకు కాదు. వొచ్చి దానికి సెప్పు."